చెయ్యి వచ్చేదాకా

పురుషోత్తమన్ చూపుడు వేలితో కయల్విళి గౌను భుజాన్ని కిందికి జార్చాడు. అడగలేదు. "ఇట్లుంటేనే లుక్కొస్తాది" అని మాత్రం అని, వెనక్కి నడిచి కెమెరాను కంటికి ఆనించుకున్నాడు.

సముద్రానికి దగ్గరగా, పసుపు గోడల వీధి. ఎండ ఇంకా గోడ సగం దాకే దిగింది. లోకేశ్వరి మోకాళ్ళ మీద కూర్చుని, వెండి రంగు రిఫ్లెక్టరును ఏటవాలుగా పట్టుకుంది. వెలుగు కయల్విళి గడ్డం కింద పడాలి. పడుతోంది. స్టూడియో ఎర్ర గౌను నెలలు నిండిన ఆ మనిషికి చంకల దగ్గర బిగుసుకుంది. ముందు వైపు రెండుగా విడిపోయి, కడుపు బయటికి కనపడేలా కుట్టిన గౌను అది.

"గడ్డం దించమ్మా. కండ్లు నా వైపు. కొంచెం రొమాంటిక్‌గా. నీ మొగుణ్ణి చూస్తా ఉన్నట్టు."

"మొగుడు ఈడే ఉండాడు కదన్నా. ఆయన్ని చూస్తే నాకు నవ్వొస్తాది," అంది కయల్విళి.

బైకుకు ఆనుకుని నిలబడ్డ శిలంబరసన్ తనూ నవ్వి, సెల్‌ఫోను ఎత్తి ఒక ఫోటో తీసుకున్నాడు. "సూపర్ కయలూ, సూపర్."

ఆ నవ్వు పురుషోత్తమన్‌కు పనికిరాదు. ముందుకొచ్చి ఆమె చేతిని పట్టి కడుపు కింద పెట్టాడు. రెండో చేతిని ఎత్తి మెడ వెనక పెట్టాడు. తల కొంచెం వంచాడు. చెడ్డవాడేమీ కాదు. పెళ్ళిళ్ళలో ముసలివాళ్ళనూ ఇట్లాగే పట్టి నిలబెడతాడు, కుర్చీలు జరిపినట్టు.

అందరికన్నా కింద కూర్చున్నది లోకేశ్వరి. గౌను అంచు కింద కయల్విళి పాదాలు ఆమెకొక్కదానికే కనిపిస్తున్నాయి. కాలి వేళ్ళు లోపలికి ముడుచుకుని, చెప్పుల్లేని పాదాలు రాతిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. పైన ముఖం మాత్రం చెప్పినట్టే వింటోంది. పెదవులు కొంచెం తెరవమంటే తెరిచింది. కళ్ళు అరమూయమంటే అరమూసింది.

లోకేశ్వరికి ఏదో చెప్పాలనిపించింది. రిఫ్లెక్టరు కొంచెం దిగింది.

"లైటు పోతా ఉంది లోకూ!" అన్నాడు పురుషోత్తమన్.

మళ్ళీ ఎత్తింది.

*

సారం పేటలో బట్టల కొట్టు పైన స్టూడియో. తీసేది పురుషోత్తమన్, కంప్యూటరు ముందు కూర్చుని దిద్దేది లోకేశ్వరి. ఆమె చెయ్యి మెత్తనని అతను వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. మొటిమ తీసేసినా, కళ్ళ కింది నలుపు తీసేసినా, తీసేసినట్టు తెలియదు.

కయల్విళి బొమ్మను పెద్దది చేసింది. కడుపు మీద చర్మం సాగిన గీతలు, వాన వెలిశాక ఇసుకలో నీళ్ళు జారిన జాడల్లాగా. బొడ్డు నుంచి కిందికి దిగిన సన్నటి నల్లని చార. లోకేశ్వరి ఒక్కొక్క జాడ మీదా మౌసు నడిపింది. గీత పక్కనున్న నున్నటి చర్మాన్ని ఎత్తి గీత మీద పరిచింది. చార చెరిపేసింది. రంగు ఒక మెట్టు తేల్చింది. పని అయ్యాక వెనక్కి వాలి చూస్తే, తెర మీద ఎక్కడా తప్పు లేదు.

మరుసటి రోజు మొగుడూ పెళ్ళాలు చూడడానికి వచ్చారు. శిలంబరసన్ కుర్చీ లాక్కుని కంప్యూటరుకు ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చున్నాడు.

"యప్పా! సినిమా స్టార్ మాదిరి ఉండావే," అన్నాడు. పెళ్ళాం దగ్గర నేర్చుకున్న తెలుగు అది. ప్రతి మాట పక్కనా తమిళం నడుస్తుంది. వెంటనే ఒకటి ఫోనులోకి ఎక్కించుకుని, లెక్కలు మాట్లాడడానికి పురుషోత్తమన్‌తో బాల్కనీలోకి పోయాడు.

కయల్విళి నిలబడే ఉంది. ఒక చెయ్యి నడుము మీద.

"ఇదెవురు?" అంది.

లోకేశ్వరి తల తిప్పి చూసింది.

"గీతలు ఉన్నాయి కదా నాకు. యాడ పోయినాయి?"

"తీసేసినానక్కా. అందురికీ తీసేస్తాం."

"నేను అడిగినానా?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామన్నట్టు అంది. లోకేశ్వరి మౌసు మీంచి చెయ్యి తీసేసింది.

కయల్విళి మెల్లగా స్టూలు మీద కూర్చుంది. బాల్కనీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నీకు చెప్తే నవ్వొద్దు. ఇన్నేండ్లలో నేను ఇంత బాగ ఎప్పుడూ లేను మే. స్నానం చేసొచ్చి అద్దం ముందర నిలబడతా. ఎంతసేపైనా చూసుకుంటా. ఈ కడుపు, ఈ గీతలు, మెడ కాడ నలుపు, అన్నీ. సిగ్గే రాదు. కానుపైతే ఈ మనిషి ఉండదు కదా? ఆమెను ఒక్క ఫోటో తీయించుకోవాలని ఆయన్ని నేనే బతిమిలాడి తీసుకొచ్చినా." తెర మీది బొమ్మను గడ్డంతో చూపించింది. "ఆమె రాలేదు. ఇంకెవురో వచ్చి కూచున్నారు."

"మళ్ళీ తీద్దామక్కా?"

"ఎప్పుడు? బేస్తవారం వళైకాప్పు. గాజులు తొడిగేసి అదే రోజు మా అమ్మోళ్ళు నెల్లితోపుకు తీసుకోని పోతారు. ఆడికిపోతే అమ్మ నన్ను మంచం దిగనిస్తాదా? ఇట్లాంటి ఫోటో అంటే చీపురు తీసుకుంటాది." నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "పోనీలే."

బాల్కనీ నుంచి శిలంబరసన్ "కయలూ, ఫ్రేము ఏ రంగు?" అని అరిచాడు.

*

గాజుల వేడుకకు పురుషోత్తమన్ లోకేశ్వరినే పంపించాడు. ఆడవాళ్ళ మధ్య పని, పైగా అతనికి అదే రోజు ఇంకో ముహూర్తం ఉంది. "వరసగా అందుర్నీ తీ. గాజులు, గంధం, అన్నాలు. ఆర్ట్ చేయబాక," అని చెప్పాడు.

కురుచికుప్పంలో శిలంబరసన్ ఇల్లు సముద్రానికి వీపు పెట్టి ఉంటుంది. ముందు వరండాలో షామియానా, లోపలి హాల్లో చాపలు. కయల్విళి పట్టుచీరలో పీట మీద కూర్చుంది. రెండు బుగ్గలకూ గంధం. అత్త పూంగొడి నడుముకు కొంగు బిగించి అటూ ఇటూ తిరుగుతోంది. చేపలమ్మే గొంతు ఆమెది. మెల్లగా మాట్లాడినా వీధి దాకా వినపడుతుంది. లోకేశ్వరి మెడలో కెమెరా చూడగానే తమిళంలో అందుకుంది.

"కడుపు బయట పెట్టి ఫోటో తీసింది మీరేనా? ఊరందరి దిష్టీ నా కోడలికే తగలాలనా?"

"నేను లైటు పట్టుకున్నానంతే అత్తా," అంది లోకేశ్వరి.

"లైటు కూడా పట్టుకున్నావా! ఇంకా బాగ కనపడాలని!"

చుట్టూ ఉన్నవాళ్ళు ఫక్కున నవ్వారు. పూంగొడి నవ్వలేదు.

గాజులు తొడిగేందుకు కయల్విళి తల్లి నెల్లితోపు నుంచి పంకజం అనే ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది. పంకజం వాళ్ళది తరతరాలుగా గాజుల వ్యాపారం. లావుపాటి మనిషి, నోటినిండా తాంబూలం. తాడుకు గుచ్చిన గాజుల సరాలు చాప మీద పరిచి, సబ్బు నీళ్ళ గిన్నె పక్కన పెట్టుకుని, కయల్విళి ఎదురుగా బాసింపట్టు వేసింది.

తరవాత ఆమె చేసిందల్లా, తన కుడి అరచేతిని వెల్లకిలా చాచి ఊరకే ఉండడం.

కయల్విళి చెయ్యి ముందుకు పెట్టబోయి ఆగింది. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. "పోతాయా పిన్నీ?"

"నాకేం తెలుసు? నీ చెయ్యి చెప్పాల. తొందరేం లేదు."

పంకజం అరచెయ్యి అట్లాగే గాల్లో ఉంది. చివరికి కయల్విళే తన చేతిని తెచ్చి అందులో పెట్టింది. పంకజం దాన్ని పట్టుకోలేదు, మోసింది. సబ్బు నురగ రాసి, బొటనవేలి మొదలు దగ్గర తన వేలితో మెల్లగా నొక్కుతూ, గాజుల వైపు గానీ చేతి వైపు గానీ చూడకుండా కయల్విళి ముఖంలోకే చూస్తూ మాట్లాడడం మొదలుపెట్టింది. నెల్లితోపు మార్కెట్లో ఎవరో కూరగాయల తూకం దగ్గర కొట్టుకున్నారట. టౌనుబస్సులో ఒకామె తన గాజుల సంచి మీద కూర్చుని, లేవమంటే టికెట్టు చూపించిందట.

"ఏంది ఇంకా? మంచి గడియ పోతా ఉంది, సీక్కిరం," అంది పూంగొడి.

"ఇంకా రాలేదు," అంది పంకజం.

"చెయ్యి నీ చేతిలోనే ఉంది కదా!"

"ఉంది. రాలేదు. గాజు పగిలితే అపశకునమని తిడతావు, ఆలస్యమైతే దానికీ తిడతావు. తిట్టు వదినా, వినుకుంటా పని చేస్తా."

లోకేశ్వరి చాప అంచున కూర్చుని చూస్తోంది. మొదట కయల్విళి భుజం దిగింది. తరవాత మోచెయ్యి. మెడలో బిగుసుకున్న నరం ఒకటి సన్నగా కరిగిపోయింది. పంకజం ఏదో గుసగుసగా అంటే కయల్విళి కళ్ళు వాలిపోయి, పెదవులు వాటంతటవే కొంచెం విడివడ్డాయి. ఊపిరి కడుపు దాకా పోయి తిరిగి వచ్చింది. గొంతు గుంటలో చెమట బొట్టు మెరిసింది. ఆ రోజు పసుపు గోడ ముందు పురుషోత్తమన్ వేళ్ళతో తెరిపించి, వంచి, జార్చి తెప్పించాలనుకున్నది ఇదే. ఇక్కడ అది అడక్కుండానే వచ్చి కూర్చుంది.

"వచ్చింది," అంది పంకజం. ఆకుపచ్చ గాజు కణుపుల మీదుగా చప్పుడు లేకుండా జారిపోయింది.

లోకేశ్వరి కెమెరా ఎత్తింది. వ్యూఫైండర్లో ఆ ముఖం, ఆ మెడ, ఆ తడి చెయ్యి. ఇంతకన్నా మంచి బొమ్మ తనకు దొరకదని తెలుసు. వేలు మీట మీద ఉంది.

అప్పుడే కయల్విళి కళ్ళు తెరిచి కెమెరాను చూసింది. ఒక్క చూపు. చీర అంచు కింద కాలి వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి.

లోకేశ్వరి కెమెరా దించేసింది.

"ఏమ్మా ఫోటోల పిల్లా, గాజు తొడిగేదాన్ని తీయకుండా దేన్ని తీస్తావు?" అని ఎవరో అన్నారు.

"తీస్తానండీ," అంది. గంధం పూసేవాళ్ళను తీసింది. వరసగా వచ్చి అక్షింతలు వేసేవాళ్ళను తీసింది. కలిపిన అన్నాల గిన్నెలను తీసింది. అన్నీ సరిగ్గానే వచ్చాయి. పోయిన బొమ్మ మాత్రం కళ్ళ ముందే ఉంది.

వచ్చిన ఆడవాళ్ళందరికీ గాజులు తొడిగే ఆనవాయితీ. చివరికి పంకజం లోకేశ్వరి వైపు అరచెయ్యి చాచింది.

"నాకొద్దు పిన్నీ, పని ఉంది."

"పని ఉండేదానికే చెయ్యి ఉండాల. ఇట్లా పెట్టు."

పెట్టింది. పంకజం కాసేపు నొక్కి చూసి నవ్వింది. "అబ్బో! ఇది యాడా రాదే. ఏం మే, ఇంతవరకూ ఎవురికీ చెయ్యివ్వలేదా నువ్వు?"

హాలంతా గొల్లుమంది. లోకేశ్వరి చెవులు వేడెక్కాయి. చెయ్యి వెనక్కి లాక్కుందామనుకుంది. కానీ పట్టుకుని లేదు కదా ఆమె, లాక్కోవడానికి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. అది తెలిశాక ఎందుకో తీసుకోబుద్ధి కాలేదు. పంకజం ఆమె ఊరు అడిగింది, పొలంలో ఏం వేస్తారో అడిగింది. వేరుశనక్కాయలని చెబుతుండగానే గాజు మణికట్టు దగ్గర ఉంది.

*

అందరూ భోజనాలకు లేచారు. లోకేశ్వరి హాల్లో లెన్సు తుడుచుకుంటుంటే వెనక గది తలుపు దగ్గర నుంచి కయల్విళి పిలిచింది.

"నువ్వు ఎందుకు తీయలేదు అప్పుడు?"

"నువ్వు చూసినావు కదక్కా."

"చూస్తే? మీ ఓనరు ఎన్నిసార్లు చూసినా తీసినాడు."

"నీ కాలి వేళ్ళు..." అని ఆగింది లోకేశ్వరి. "ముడుచుకున్నాయి. ఆ రోజు కూడా."

కయల్విళి తన పాదాల వైపు చూసుకోబోయింది. కడుపు అడ్డం వచ్చింది. నవ్వేసింది. "నాకే కనపడవు, నీకు కనపడినాయా?" తరవాత నవ్వు పోయి, "అమ్మ అన్నం తినేసి బండి పిలుస్తాది. తీసేదుంటే ఇప్పుడే. నన్ను ఎట్లా నిలబడమంటావు?"

గదికి వెనక వాకిలి ఉంది. అవతల వలలు ఆరేసిన గోడ, దాని పైన సముద్రం. వాకిట్లోంచి వెలుగు నేల మీద పడి గదంతా మెల్లగా పాకుతోంది. ఎట్లా నిలబడమనాలో లోకేశ్వరికి తెలియదు. తెలిసినవన్నీ పురుషోత్తమన్ దగ్గర చూసినవే. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. మెడలోంచి కెమెరా తీసింది. రెండు అరచేతుల్లో పెట్టి కయల్విళి ముందుకు చాచింది.

"ముందు నువ్వు నన్ను తీయక్కా."

"నేనా? నాకేం తెలుసు?"

"ఇది నొక్కాల. అంతే."

కయల్విళి మంచం మీద కూర్చుని కెమెరా కంటికి పెట్టుకుంది. లోకేశ్వరి వాకిట్లో గడపకు ఆనుకుని నిలబడింది. ఒక్కసారిగా చేతులు ఎక్కువైపోయాయి. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. జాకెట్టు చంక కింద తడిసిన సంగతి, పై పన్ను వంకర సంగతి, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఇన్ని వందల మొహాలు దిద్దిన మనిషికి తన మొహం ఏం చేస్తోందో అంతు పట్టలేదు.

"ఓ మే," అంది కయల్విళి కెమెరా వెనక నుంచి. "నీ కాలి వేళ్ళు చూసుకో."

చూసుకుంది. రెండు పాదాలూ నేలను పట్టుకుని ఉన్నాయి. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. కయల్విళి నవ్వుతూనే రెండు మూడు తీసింది. "ఉండు, జుట్టు చెవి వెనక్కి తోసుకో. నీకిష్టమైతేనే. ఆ... బాగుండావు మే నువ్వు! ఎవురూ చెప్పలేదా?"

లోకేశ్వరి కాలి వేళ్ళు మెల్లగా విప్పుకున్నాయి.

కెమెరా చేతులు మారింది.

కయల్విళి తలుపు గడియ పెట్టుకుంది. పట్టుచీర కుచ్చిళ్ళు వదులు చేసుకుని, గడప పక్కన నేల మీదే కూర్చుని గోడకు వీపు ఆనించింది. లోకేశ్వరి ఏమీ సర్దలేదు. అడుగు వేసే ముందు చెప్పింది.

"మెడ దగ్గరికి వస్తా."

"రా."

"ఇప్పుడు చెయ్యి."

"ఊఁ."

లోకేశ్వరి అట్లా చెబుతూ ఉంటే కయల్విళి నెమ్మదిగా మాటలు మానేసింది. కొంగును తనే పక్కకు తీసింది. గాలికి గాజులు ఒకదానికొకటి తగిలాయి. పక్క నుంచి పడిన వెలుగులో కడుపు మీది గీతలు ఒక్కొక్కటీ విడిగా కనిపించాయి, వెండి రంగులో కొన్ని, ఇంకా ఎర్రగా కొన్ని. నల్లటి చార బొడ్డు దాటి కిందికి పోయింది. కయల్విళి అరచెయ్యి దాని పక్కన పెట్టుకుంది. మూయడానికి కాదు.

"దీన్ని కూడా," అంది.

"తీస్తున్నా."

అప్పుడు తల ఎత్తి కెమెరాలోకి చూసింది. నవ్వలేదు. తన ఇంటికి వచ్చిన మనిషిని గుర్తుపట్టినట్టు చూసింది. లోకేశ్వరి ఊపిరి బిగబట్టి ఒక్కటే తీసింది. ఇంకోటి అక్కర్లేదని ఇద్దరికీ తెలిసింది.

బయట నుంచి పూంగొడి తలుపు తట్టింది. "లోపల ఏం చేస్తా ఉండారు? బండి వచ్చింది!"

*

మరుసటి రోజు పురుషోత్తమన్ వేడుక ఫోటోలు గబగబా తిప్పుకుంటూ పోయి ఆ ఒక్కదాని దగ్గర ఆగాడు.

"లైటు యాడిది?"

"వెనక వాకిలి అన్నా."

"బాగుంది." మౌసు అందుకుని బొమ్మను పెద్దది చేశాడు. "గీతలు తీసెయ్. తెల్లారి ప్రింటుకు పంపిద్దాం."

"తీయనన్నా."

అతను తిరిగి చూశాడు. ఆమె ఈ స్టూడియోలో ఆ మాట అనడం అదే మొదలు. ఆమె మాట మార్చలేదు. "ఆమె వొద్దనింది. అట్లే కావాలంట."

"రేపు వాళ్ళింట్లోవాళ్ళు వచ్చి గలాటా చేస్తే?"

"నేను చెప్పుకుంటా."

పురుషోత్తమన్ మళ్ళీ తెర వైపు తిరిగాడు. "నేను తీసినప్పుడు ఈమె కెమెరాను చూసింది. ఇందులో నిన్ను చూస్తా ఉంది," అన్నాడు. "ఏం చెప్పినావు ఆమెకు?"

"ఏం చెప్పలేదన్నా. అడిగినా."

అతను మౌసు వదిలేశాడు. లేచి టీకి పోతూ, తలుపు దగ్గర ఆగి, "మ్యాట్ పేపరు మీద వెయ్యి. మెరిసే గ్లాసీ అయితే దీనికి బాగుండదు," అన్నాడు.

ప్రింటు తీసుకోవడానికి శిలంబరసన్ వచ్చాడు. కవరు తెరిచి చూసి, ఈసారి సూపర్ అనలేదు. మూసేసి, మళ్ళీ తెరిచి, "ఇది కొన్నాళ్ళు నా దగ్గరే ఉంచుకోవచ్చా, నెల్లితోపుకు ఇచ్చేదానికి ముందర?" అని అడిగాడు.

*

తరవాతి వారం, మధ్యాహ్నం ఎవరూ రాని వేళ, మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది. పూంగొడి. చంకలో ఖాళీ చేపల గంప. దాన్ని తలుపు బయటే పెట్టి, కొళాయి దగ్గర చేతులు మోచేతుల దాకా కడుక్కుని లోపలికి వచ్చింది. లోకేశ్వరి కుర్చీ వెనక్కి జరిపింది. లేచి నిలబడింది.

"ఆ ఫోటో చూసినాను," అంది పూంగొడి తమిళంలో. తన గొంతును తనే అణచుకుంటోంది. "వాడు దిండు కింద పెట్టుకున్నాడు. దుప్పటి దులుపుతుంటే కింద పడింది."

"ఆమే అడిగింది అత్తా..."

"అడిగిందిలే. ఫోనులో నాకు చెప్పింది." గోడల మీది పెళ్ళి ఫోటోలను ఒక చుట్టు చూసింది. "మూడేళ్ళుగా నా ఇంట్లో తిరుగుతా ఉంది ఆ పిల్ల. అట్లా ఉంటుందని నాకు తెలియదు. దిష్టి తీసి మళ్ళీ అక్కడే పెట్టినాను." ఆగింది. "నన్ను తీస్తావా? ఆధార్‌కు తీసేది కాదు. ఊరకే. నేను ఒక్కదాన్నే."

కంప్యూటరు దగ్గరున్న పురుషోత్తమన్ లేచి, బయటికి పోతూ తలుపు దగ్గర పరదా లాగాడు.

లోకేశ్వరి పెద్ద లైటు ఆర్పి, వీధి వైపు కిటికీ తెరిచింది. స్టూలు వెలుగులోకి జరిపింది. పూంగొడి కూర్చుని కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. కాసేపటికి తీసేసింది. తల మీద గంప మోయడానికి బిగించి కట్టిన కొప్పును వేళ్ళతో తడుముకుంది.

"ఇది విప్పి తీయించుకోవచ్చా? నా వయసుకు?"

"మీ ఇష్టం అత్తా."

కొప్పు పిన్నులు ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుంది. జుట్టు జారి నడుము దాటింది. నెరిసినదే ఎక్కువ, చివర్లు ఇంకా నల్లగా ఉన్నాయి. ఆమె దాన్ని ముందుకు వేసుకుని, ఎవరిదో అన్నట్టు వేళ్ళు దూర్చి చిక్కు తీయసాగింది. సముద్రపు ఉప్పు వాసన గదిలోకి వచ్చింది.

"ఉండు," అంది తల ఎత్తకుండా. "ఇంకొంచెం సేపు."

లోకేశ్వరి ఎదురుగా నేల మీద కూర్చుంది. కెమెరా ఒళ్ళోనే ఉంది.

"నిదానంగానే అత్తా," అంది.